వెర్షన్ నంబరు వేసే ముందు పరాయి సిస్టమ్‌లో బిల్డ్ చేసి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారం.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలేజీల పిల్లలు రాసిన సాఫ్ట్‌వేర్ ఈమధ్య తరచుగా ఓపెన్ సోర్స్‌గా బయటికి వస్తోంది. తెలుగు టైపింగ్ ఉపకరణాలు, చిట్టా ఆవర్జా లెక్కలు, స్కూలు లైబ్రరీ పట్టికలు, యార్డులో మిర్చి ధరలు చూపించే చిన్న ప్రోగ్రాములు, ఇలాంటివి. కోడ్ దాచుకోకుండా అందరి ముందూ పెట్టడం మెచ్చుకోవలసిన పని. బాధల్లా దాన్ని దించుకున్నవాళ్లది. రీడ్‌మీలో, అంటే కోడ్‌తో వచ్చే సూచనల ఫైలులో, చెప్పినట్టే చేసినా బిల్డ్, అంటే ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే పని, సగంలో ఆగిపోతుంది. రాసినవాళ్లను అడిగితే "మా సిస్టమ్‌లో రన్ అవుతోందండీ" అంటారు. ఆ మాట నిజమే. రెండేళ్లుగా ఒక్కొక్కటిగా వేసుకున్న లైబ్రరీలు, ఎప్పుడో మార్చి మరిచిపోయిన సెట్టింగులు, ఏదో ఫోల్డర్‌లో మిగిలిపోయిన పాత హెడర్ ఫైలు, ఇవన్నీ కలిసి అక్కడ దాన్ని నడిపిస్తున్నాయి. దించుకున్నవాడి దగ్గర అవేవీ ఉండవు.

ఆటోనగర్‌లో బాడీ కట్టిన లారీ షెడ్డులో స్టార్ట్ అయినంత మాత్రాన ఎవరూ లోడు ఎక్కించి పంపరు. ఓపెన్ సోర్స్ ప్యాకేజీల నిర్వహణ చూసేవాళ్లుగా మేము కోరేది కూడా అంతే. 1.0 అని నంబరు వేసే ముందు, విడుదల చేయబోయే ఆ టార్‌బాల్‌నే, అంటే కోడ్ ఫైళ్లన్నీ కట్టిన మూటనే, తీసుకుని, ఏమీ లేని కొత్త సిస్టమ్‌లలో, ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు రకాల వాటిలో, మొదటి నుంచి బిల్డ్ చేసి చూడాలి. ఇందుకు డబ్బు ఖర్చు లేదు. ఒక పూట పని. ఆ పని ఎందుకు, ఎలా చేయాలో వివరంగా రాస్తున్నాం. చదివే పిల్లలకూ, వాళ్లకు మార్కులు వేసే మాస్టార్లకూ పనికొస్తుందని మా ఆశ.

ముందుగా, రాసిన కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ సంగతి. సి భాషలో, ముందు ప్రకటించని ఫంక్షన్‌ను పిలవడం 1999 నాటి ప్రమాణంలోనే తీసేశారు. అయినా జీసీసీ అనే కంపైలర్ చాలా ఏళ్లపాటు హెచ్చరికతో సరిపెట్టి బిల్డ్ కానిచ్చింది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14 నుంచి అది ఎర్రర్. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, ఆల్పైన్ అన్నవి లినక్స్‌లో రకాలు. ఉబుంటు 22.04లో ఉండేది జీసీసీ 11. అక్కడ పసుపో ఊదో రంగులో ఒక వార్నింగ్ కనిపిస్తుంది, ఎవరూ చదవరు. అదే కోడ్ డెబియన్ 13కి తీసుకెళితే, అక్కడున్నది 14 కాబట్టి మొదటి ఫైలు దగ్గరే ఆగుతుంది. 2025లో వచ్చిన జీసీసీ 15 ఇంకో అడుగు వేసి సి23 ప్రమాణాన్ని డిఫాల్ట్ చేసింది. బూల్, ట్రూ, ఫాల్స్ అనే మాటలు ఇప్పుడు భాష సొంతం. ఆ పేర్లతో సొంతంగా టైప్‌డెఫ్ రాసుకున్న పాత కోడ్ ఫెడోరా 42లో బిల్డ్ కాదు. అంతకుముందు 2020లో జీసీసీ 10 వచ్చినప్పుడు కూడా ఇలాగే జరిగింది. హెడర్ ఫైలులో గ్లోబల్ వేరియబుల్‌ను ఎక్స్‌టర్న్ లేకుండా పెట్టి నాలుగు ఫైళ్లలో చేర్చుకుంటే, అంతకుముందు ఫైళ్లను కలిపే లింకర్ సర్దుకునేది. పదో వెర్షన్ నుంచి "మల్టిపుల్ డెఫినిషన్" అంటుంది. బిల్డ్ ఎలా జరగాలో చూసుకునే సీమేక్ 4.0 కూడా 2025 మార్చిలో 3.5 కంటే పాత వెర్షన్ల పోకడలకు మద్దతు తీసేసింది. ఎక్కడి నుంచో తెచ్చుకున్న సీమేక్ ఫైలు పై లైనులో 2.8 అని ఉంటే ఇక పనిచేయదు. పైథాన్‌లో 3.12 నుంచి ప్యాకేజీలు కట్టే డిస్ట్‌యూటిల్స్ లేదు, అందుకే పాత సెటప్ ఫైళ్లు మూగబోయాయి. కోడ్ రాసినవాళ్లు ఏ తప్పూ కొత్తగా చేయలేదు. కింద నేల కదిలింది, అంతే. అందుకే పాత సిస్టమ్ ఒకటి, సరికొత్తది ఒకటి రెండూ పరీక్షలో ఉండాలి.

తెలుగుతో పనిచేసే ప్రోగ్రాములకు ఇంకో పెద్ద గండం ఉంది. దీని గురించి ఎక్కడా సరిగ్గా చెప్పరు కాబట్టి కొంచెం నిదానంగా రాస్తాం. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండోది 176 గానీ 177 గానీ. మూడో బైటే అక్షరాన్ని బట్టి మారుతుంది. ఇప్పుడు ఒక పైథాన్ ప్రోగ్రాము ఊళ్ల పేర్లున్న ఫైలును తెరుస్తోందనుకోండి. ఓపెన్ అని రాసి ఎన్‌కోడింగ్, అంటే ఆ పద్ధతి పేరు, చెప్పకుండా వదిలేశారు. లినక్స్‌లో అది యూటీఎఫ్-8 అనుకుంటుంది, బాగానే చదువుతుంది. ఇంగ్లిష్ ఇండియా సెట్టింగులో ఉన్న విండోస్‌లో మాత్రం విండోస్-1252 అనే పాత పట్టిక ప్రకారం చదువుతుంది. ఆ పట్టికలో 129, 141, 143, 144, 157 అనే ఐదు స్థానాలు ఖాళీ. వాటిలో ఏది తగిలినా పైథాన్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

"విజయవాడ" అనే మాటలోని బైట్లన్నీ చూడండి, ఈ ఐదింటిలో ఒక్కటీ లేదు. కాబట్టి ఎర్రర్ రాదు. తెర మీద నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఎ, పక్కన డిగ్రీ సున్నా, మళ్లీ ఎ, మళ్లీ సున్నా, ఇలా చెత్త వస్తుంది. "గుంటూరు" అనే మాటలో ఉకారం ఉంది. దాని మూడో బైటు 129. అక్కడ ప్రోగ్రాము కూలిపోతుంది. పొల్లు గుర్తు మూడో బైటు 141, కాబట్టి ఒత్తున్న ఏ మాటైనా, అంటే అమ్మ, కృష్ణా, పద్దు, అన్నీ కూల్చేస్తాయి. పరీక్ష ఫైలులో ఒక్క విజయవాడ పేరే పెట్టి, ఎర్రర్ వచ్చిందా లేదా అని మాత్రమే చూసుకునే టెస్టు విండోస్‌లో పాస్ అవుతుంది. వాడేవాడు గుంటూరు అని టైప్ చేయగానే ఆగిపోతుంది. కాబట్టి టెస్టు ఫైలులో ఉకారం, ఒత్తు, అరసున్న, ‘ఏ’ అనే అక్షరం, ఐ, ఝ అన్నీ ఉన్న మాటలు పెట్టండి. చదివిన మాట రాసిన మాటతో అక్షరాలా సరిపోయిందా అని పోల్చండి. ఓపెన్ అన్న ప్రతిచోటా ఎన్‌కోడింగ్ రాయండి. పైథాన్ 3.10 నుంచి వార్న్-డిఫాల్ట్-ఎన్‌కోడింగ్ అనే ఎంపిక ఉంది, అది పెట్టి టెస్టులు నడిపితే రాయకుండా వదిలేసిన లైన్లన్నీ లినక్స్‌లోనే దొరుకుతాయి. 3.15 నుంచి అన్నిచోట్లా యూటీఎఫ్-8 డిఫాల్ట్ చేయాలని పైథాన్ వాళ్లు నిర్ణయించారు. అయినా ల్యాబుల్లో, ఆఫీసుల్లో పాత వెర్షన్లు ఇంకా ఏళ్ల తరబడి ఉంటాయి.

సిలో రాసేవాళ్లకు ఇదే విషయం వేరే రూపంలో ఎదురవుతుంది. విజయవాడ అన్నది అక్షరాలూ గుణింతపు గుర్తులూ కలిపి ఏడు సంకేతాలు, 21 బైట్లు. గుంటూరు కూడా సరిగ్గా ఏడు, 21. మాట ముగిసిందని చెప్పడానికి సి చివర పెట్టే సున్నా బైటుతో కలిపి 22. ఇంగ్లిష్‌లో పదక్షరాల పేరే కదా అని ఊరి పేరుకు 20 బైట్ల స్థలం పెడితే రెండు బైట్లు పక్క స్థలంలోకి పోతాయి. డెబియన్‌లో మామూలుగా జీసీసీతో బిల్డ్ చేస్తే చాలాసార్లు ఏమీ తెలియదు, ప్రోగ్రాము నడిచిపోతుంది. ఉబుంటు తన జీసీసీలో ఫోర్టిఫై అనే కాపలాను డిఫాల్ట్‌గా పెట్టింది. ఆప్టిమైజేషన్‌తో బిల్డ్ చేస్తే అక్కడ "బఫర్ ఓవర్‌ఫ్లో డిటెక్టెడ్" అని చెప్పి ఆపేస్తుంది. ఉబుంటులో తేడా ఉందని ఫిర్యాదు చేయకండి. తప్పును పట్టి ఇచ్చింది ఉబుంటే.

ఆ 224 అనే మొదటి బైటు గురించి ఇంకొక్క మాట. ఇంటెల్ ప్రాసెసర్ల లినక్స్‌లో చార్, అంటే సిలో ఒక బైటు దాచే రకం, ప్లస్ మైనస్ గుర్తు ఉన్న సంఖ్య, −128 నుంచి 127 దాకా. అక్కడ 224 కాస్తా −32 అవుతుంది. దాన్ని పట్టికలో స్థానంగా వాడితే పట్టికకు ముందున్న జాగాలోకి వెళ్లి చదువుతారు. ఆర్మ్ లినక్స్‌లో, అంటే రాస్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్లలో, చార్‌కు గుర్తు ఉండదు. అక్కడ 224 అలాగే 224. ఇది బాగానే ఉంది కదా అనుకునేలోపు ఇంకోటి తగులుతుంది. ఒక్కో బైటూ చదివే గెట్‌చార్ ఇచ్చిన విలువను చార్‌లో దాచుకుని ఫైలు చివర −1 వచ్చేదాకా తిరిగే లూప్ రాస్తే, ఆర్మ్‌లో −1 కాస్తా 255 అయిపోతుంది, లూప్ ఎప్పటికీ ఆగదు. స్కూళ్లకు చవకగా ఇద్దామని రాస్‌బెర్రీ పై మీద పెట్టే ప్రోగ్రాములకు ఇది సరిగ్గా తగిలే దెబ్బ. కొత్త మ్యాక్‌లలోనూ ఆర్మ్ ప్రాసెసరే ఉంది కదా, దానిలో చూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. యాపిల్ తన ఆర్మ్ సిస్టమ్‌లలో చార్‌ను గుర్తు ఉన్నదిగానే ఉంచింది.

మైలవరం పేరుతో కూడా ఒక పరీక్ష పెట్టుకోవచ్చు. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. తెలుగులో ఇలా విడిపోయేది ఇదొక్కటే. మ్యాక్‌లో వాడిన పాత ఫైల్ సిస్టమ్ ఫైళ్ల పేర్లను ముక్కలు చేసి దాచేది. కంటికి రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఒకటి 18 బైట్లు, రెండోది 21. వెతికితే దొరకదు. పోల్చే ముందు రెండింటినీ నార్మలైజ్ చేయాలి, అంటే ఒకే రూపంలోకి తేవాలి.

ఆజ్ఞలు వరుసగా రాసి పెట్టే షెల్ స్క్రిప్టుల విషయం చాలామందికి తెలిసిందే, త్వరగా చెప్పేస్తాం. ఉబుంటులో 2006 నుంచి, డెబియన్‌లో 2011 నుంచి ఆ స్క్రిప్టులను నడిపే బిన్-ఎస్‌హెచ్ అంటే డ్యాష్ అనే షెల్, బ్యాష్ కాదు. పోలికకు రెండు సమానం గుర్తులు పెట్టినా, జంట చదరపు బ్రాకెట్లు వాడినా డ్యాష్‌కు తెలియదు. విండోస్‌లో, మామూలు మ్యాక్‌లో ఫైలు పేర్లలో పెద్ద అక్షరం (క్యాపిటల్), చిన్న అక్షరం అనే తేడా లేదు, లినక్స్‌లో ఉంది. ఇంక్లూడ్ లైనులో పెద్ద యు పెట్టి ఫైలు పేరులో చిన్న యు ఉంటే విండోస్‌లో దొరుకుతుంది, లినక్స్‌లో దొరకదు. విండోస్‌లో సేవ్ చేసిన స్క్రిప్టుకు ప్రతి లైను చివరా ఒక అదనపు గుర్తు చేరుతుంది, లినక్స్ దాన్ని "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటుంది. కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే గిట్‌కు చెందిన ఆట్రిబ్యూట్స్ ఫైలులో లైన్ల ముగింపు ఎలా ఉండాలో రాసి పెడితే ఈ చివరిది పోతుంది.

ఇక ఎలా చేయాలన్నది. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్ చాలు. కంటైనర్, అంటే మన సిస్టమ్ లోపలే విడిగా నడిచే ఇంకో సిస్టమ్. దాన్ని నడిపే పాడ్‌మ్యాన్ అనే ఉపకరణం డెబియన్, ఉబుంటు, ఫెడోరా మూడింటి ప్యాకేజీల్లోనూ ఉంది. ఉబుంటు 22.04, డెబియన్ 13, ఫెడోరా 42, ఆల్పైన్ నాలుగు ఇమేజ్‌లు, అంటే కంటైనర్ మొదలుపెట్టే అచ్చులు, దించుకోండి. "లేటెస్ట్" అని దించితే రేపటికి అది వేరేది అయిపోతుంది, వెర్షన్ నంబరుతోనే దించండి. ఒక్కరు దించి పాడ్‌మ్యాన్ సేవ్‌తో పెన్‌డ్రైవ్‌లో పెడితే క్లాసంతా వాడుకోవచ్చు, ప్రతి ఒక్కరి డేటా ఖర్చు కానక్కరలేదు. కంటైనర్ లోపల రీడ్‌మీలో రాసిన ప్యాకేజీలు మాత్రమే వేయండి. బిల్డ్ ఆగితే, ఏది లేక ఆగిందో చూసి, ముందు రీడ్‌మీలో రాసి తర్వాతే వేయండి. ఈ క్రమం తప్పితే పరీక్షకు అర్థం లేదు. ప్యాకేజీల పేర్లు కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. డెబియన్‌లో లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ అన్నదే ఫెడోరాలో ఓపెన్‌ఎస్ఎస్ఎల్-డెవెల్. రెండూ రాయాలి.

ప్యాకేజీలు వేయడం అయ్యాక ఆ స్థితిని ఇమేజ్‌గా దాచి, నెట్‌వర్క్ లేకుండా మళ్లీ తెరవండి. పాడ్‌మ్యాన్‌కు నెట్‌వర్క్ నన్ అని చెబితే చాలు. బిల్డ్ మధ్యలో ఎక్కడి నుంచో ఏదో దించుకునే స్క్రిప్టు ఉంటే అప్పుడే బయటపడుతుంది. డెబియన్, ఫెడోరా నియమాల ప్రకారం బిల్డ్ సమయంలో ఇంటర్నెట్ వాడకూడదు, కాబట్టి అలాంటి సాఫ్ట్‌వేర్ వాటిలోకి చేరదు. లోపల రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) కాకుండా మామూలు యూజర్‌గా టెస్టులు నడపండి. రాయడానికి వీల్లేని ఫైలు మీద రాయబోతే ఎర్రర్ రావాలి అని చూసే టెస్టు రూట్ కింద తప్పుతుంది, ఎందుకంటే రూట్‌కు అన్నీ వీలే. ఫోల్డర్ పేరులో ఖాళీ, తెలుగు అక్షరాలు రెండూ పెట్టి చూడండి. బిల్డ్‌కు ఆటోటూల్స్ అనే ఉపకరణాలు వాడితే ఖాళీ ఉన్న దారి పనిచేయదు, ఆ సంగతి రీడ్‌మీలో ఉంటే చాలు. బిల్డ్ పనులను నడిపే మేక్‌ను ఒకసారి ఒక్క పనితో, ఒకసారి ఎనిమిది పనులతో నడపండి. మేక్‌ఫైలులో ఒక ఫైలు ఇంకోదాని మీద ఆధారపడినట్టు రాయడం మరిచిపోతే ఎనిమిదితో ఒక్కోసారి ఆగుతుంది, ఒక్కోసారి ఆగదు. ఈ ఒక్కోసారి అన్నదే ప్రాణం తీస్తుంది. గ్నూ మేక్ 4.4లో షఫుల్ అనే ఎంపిక వచ్చింది, పనుల వరుసను కావాలనే తారుమారు చేసి ఇలాంటి లోపాన్ని బయటికి లాగుతుంది.

టైమ్ జోన్ మన పిల్లలకు తట్టని అంశం. దేశమంతా ఒకటే సమయం, వేసవి గడియారం మార్పు లేదు, కాబట్టి ఆలోచన రాదు. కంటైనర్ లోపల సమయం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మనకు అర్ధరాత్రి దాటి 5.30 అయ్యేదాకా అక్కడ నిన్నటి తారీఖే. రాత్రి ఒంటిగంటకు కూర్చుని టెస్టులు నడిపితే తారీఖు టెస్టు తప్పుతుంది, పొద్దున చూస్తే పాస్. టీజెడ్ అనే వేరియబుల్‌ను ఒకసారి కోల్‌కతా, ఒకసారి యూటీసీ, ఒకసారి న్యూయార్క్, ఒకసారి ఖాట్మండు పెట్టి నడపండి. ఖాట్మండు 5.45 తేడాతో ఉంటుంది, గంటల్లోనే లెక్కవేసే కోడ్ దొరికిపోతుంది. అయితే ఉబుంటు లాంటి చిన్న ఇమేజ్‌లలో టైమ్ జోన్ల సమాచారమే ఉండదు. టీజెడ్‌డేటా ప్యాకేజీ ముందు వేయకపోతే ఏ ఊరి పేరు పెట్టినా యూటీసీగానే నడుస్తుంది, పరీక్ష జరిగిందన్న భ్రమ మిగులుతుంది.

ఆల్పైన్ ఎందుకని చాలామంది అడుగుతారు. మిగతా మూడింటిలో ఉండే గ్లిబ్‌సి అనే సి లైబ్రరీ బదులు దానిలో మసల్ అనే వేరేది ఉంటుంది. గ్లిబ్‌సిలో ఒక్కో థ్రెడ్‌కు (ప్రోగ్రాములో సమాంతరంగా నడిచే పనికి) మామూలుగా 8 ఎంబీ స్టాక్, అంటే ఫంక్షన్లు వాడుకునే మెమరీ, దొరుకుతుంది. మసల్‌లో 128 కేబీ, అంటే 64వ వంతు. లోతుగా తనను తాను పిలుచుకునే ఫంక్షన్‌ను థ్రెడ్‌లో నడిపితే అక్కడ సెగ్‌ఫాల్ట్, ప్రోగ్రాము కూలిపోతుంది. గ్నూకే ప్రత్యేకమైన కొన్ని హెడర్లు కూడా దానిలో ఉండవు. ఒక్క ఆల్పైన్‌లో బిల్డ్ అయ్యేలా చేస్తేనే కోడ్ చాలావరకు శుభ్రపడుతుందని మా నమ్మకం. నాలుగింటిలో ఒక్కటే చేసే ఓపిక ఉందంటే మేము దాన్నే చేయమంటాం.

బైనరీలు, అంటే బిల్డ్ అయిన ప్రోగ్రాములు, కూడా ఇచ్చేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఉబుంటు 22.04లో బిల్డ్ చేసిన ప్రోగ్రాము 20.04లో "గ్లిబ్‌సి 2.34 నాట్ ఫౌండ్" అంటుంది. పాతదానిలో చేసింది కొత్తదానిలో నడుస్తుంది, కొత్తదానిలో చేసింది పాతదానిలో నడవదు. కాబట్టి మద్దతు ఇస్తామన్న వాటిలో అన్నిటికంటే పాతదానిలోనే బైనరీ తయారుచేయాలి.

బిల్డ్ అయింది, టెస్టులు పాసయ్యాయి అని అక్కడితో ఆగకండి. ఇన్‌స్టాల్ చేసి, బిల్డ్ ఫోల్డర్ చెరిపేసి, వేరే ఫోల్డర్‌లోకి వెళ్లి ప్రోగ్రామును పిలవండి. డేటా ఫైలు పక్కనే ఉంటుందనుకుని రాసిన కోడ్ ఇక్కడ పడిపోతుంది. విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఆటోమేక్ వాడేవాళ్లకు మేక్ డిస్ట్‌చెక్ అనే ఒక్క ఆజ్ఞ చాలా పని చేసిపెడుతుంది. టార్‌బాల్ తయారుచేసి, విప్పి, సోర్స్ ఫోల్డర్‌లో రాయడానికి వీల్లేకుండా చేసి, వేరే ఫోల్డర్‌లో బిల్డ్ చేసి, టెస్టులు నడిపి, ఇన్‌స్టాల్ చేసి, తీసేసి, ఏమైనా మిగిలాయా అని చూస్తుంది. టార్‌బాల్‌లో చేర్చడం మరిచిన హెడర్ ఇక్కడే తెలుస్తుంది, ఎందుకంటే మీ గిట్ ఫోల్డర్‌లో అది ఉంటుంది కానీ టార్‌బాల్‌లో ఉండదు.

గిట్‌లో ఉన్నదీ టార్‌బాల్‌లో ఉన్నదీ ఒకటేనా అన్నది చిన్న ప్రశ్న కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి బయటపడింది. హానికరమైన భాగాన్ని పరీక్ష ఫైళ్ల రూపంలో గిట్‌లోనే దాచారు, దాన్ని బిల్డ్‌లోకి లాగే ఎం4 అనే రకం స్క్రిప్టు ఫైలు మాత్రం విడుదల టార్‌బాల్‌లోనే ఉంది. అదీ ఇంటెల్ తరహా 64 బిట్ లినక్స్‌లో, డెబియన్ లేదా ఆర్‌పీఎం ప్యాకేజీగా బిల్డ్ చేస్తున్నప్పుడే పని మొదలుపెట్టేలా రాశారు. మిగతా ఎన్విరాన్‌మెంట్లలో అంతా మామూలే. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, దూరపు సిస్టమ్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్వబట్టి దొరికింది. కాబట్టి గిట్ ట్యాగ్ నుంచి ఇంకొకరు తమ సిస్టమ్‌లో టార్‌బాల్ తయారుచేసి, విడుదల చేయబోయే దానితో ఫైలు ఫైలూ పోల్చాలి. తేడా ఉన్న ప్రతి ఫైలుకూ కారణం చెప్పగలగాలి. జట్టులో ఇద్దరుంటే చాలు, ఈ పని అవుతుంది.

కంటైనర్లతో అన్నీ తేలవన్నది కూడా చెప్పాలి. కంటైనర్ లోపల నడిచేది బయటి సిస్టమ్ కర్నెలే. డ్రైవర్లు, సిస్టమ్‌డీ సర్వీసులు, తెర మీద తెలుగు అక్షరాలు సరిగ్గా పేర్చుకుంటున్నాయా లేదా, ఇవి వర్చువల్ మెషీన్‌లోనో నిజమైన మెషీన్‌లోనో చూడాలి. ఆర్మ్ కోసం వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఎము ఉంది, ల్యాప్‌టాప్‌లోనే ఆర్మ్ కంటైనర్ నడుస్తుంది, కాకపోతే బాగా నెమ్మది. పూర్తి టెస్టులు రాత్రి పెట్టి పడుకోవచ్చు. విండోస్, మ్యాక్ అందుబాటులో లేనివాళ్లకు గిట్‌హబ్ యాక్షన్స్ అనే సేవ ఉంది, వాళ్ల మెషీన్లలో బిల్డ్ చేసిపెడుతుంది, అందరికీ కనిపించే కోడ్ నిల్వలకు (పబ్లిక్ రిపోజిటరీలకు) ఉచితం. పెద్ద ప్రాజెక్టు అయితే జీసీసీ కంపైల్ ఫార్మ్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు రకరకాల ప్రాసెసర్ల మెషీన్లలో ఖాతా ఇస్తుంది. అడగడానికి మొహమాటపడనక్కరలేదు, అది అందుకోసమే ఉంది. పెర్ల్ సమాజంలో 1998 నుంచీ సీప్యాన్ టెస్టర్లు అనే స్వచ్ఛంద జట్టు కొత్తగా వచ్చిన ప్రతి మాడ్యూల్‌నూ తమ తమ సిస్టమ్‌లలో బిల్డ్ చేసి ఫలితం పంపుతోంది. ఇతరుల కోడ్ కోసం తమ కరెంటు, తమ సమయం ఇచ్చేవాళ్లు వాళ్లు.

టెస్టు తప్పినప్పుడు దాన్ని స్కిప్ చేసి విడుదల చేయడం మాత్రం వద్దు. స్కిప్ చేయక తప్పకపోతే ఏ సిస్టమ్‌లో, ఎందుకు అన్నది కోడ్ పక్కనే రాయండి. ఏ ఏ ఎన్విరాన్‌మెంట్లలో చూశారో, ఏ తారీఖున చూశారో, వేటిలో చూడలేదో రీడ్‌మీ మొదట్లో మూడు లైన్లలో ఉండాలి. "అన్ని లినక్స్‌లలో పనిచేస్తుంది" అని రాసే బదులు "డెబియన్ 13లో చూశాం, ఆర్మ్‌లో చూడలేదు" అని రాస్తే దించుకున్నవాడు మిమ్మల్ని ఎక్కువ నమ్ముతాడు.

కాలేజీల యాజమాన్యాలకు మా విన్నపం ఒకటుంది. ప్రాజెక్టు వైవాలో విద్యార్థి తన ల్యాప్‌టాప్ తెచ్చి చూపిస్తాడు, మార్కులు పడతాయి. ఆ పద్ధతిలో పైన చెప్పిన ఒక్క లోపమూ బయటపడదు. వైవాకు వారం ముందు టార్‌బాల్‌నూ రీడ్‌మీనీ మాత్రమే తీసుకోండి. ల్యాబులో కొత్తగా ఓఎస్ వేసిన సిస్టమ్ ఒకటి లినక్స్‌తో, ఒకటి విండోస్‌తో సిద్ధంగా పెట్టండి. రాసిన జట్టు కాకుండా వేరే జట్టు వచ్చి, ఎవరినీ అడగకుండా, రీడ్‌మీ చూసుకుంటూ బిల్డ్ చేయాలి. ఎక్కడ ఆగారో రాసివ్వాలి. రాసిన జట్టు ఆ కాగితం చూసుకుని సరిచేసుకోవడానికి మూడు రోజులు ఇవ్వండి. ప్రాజెక్టుకు ఇచ్చే మార్కుల్లో పదో వంతైనా దీనికి కేటాయించండి. వేరే జట్టు రాసిచ్చిన ఆ కాగితాన్ని కూడా కోడ్‌తోపాటు రిపోజిటరీలో పెట్టించండి, తర్వాతి ఏడాది ఆ ప్రాజెక్టును అందుకునే పిల్లలు మొదట చదవాల్సింది అదే.

ఇట్లు,
ఓపెన్ సోర్స్ ప్యాకేజీల నిర్వహణ చూసే కొందరు మిత్రులం,
విజయవాడ – గుంటూరు